చల్లగాలి, రేసు కారు, మన తెలుగు

“ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడించమంటారా మేడమ్?” పేరెంట్స్ మీటింగ్‌లో తరచూ వినే ప్రశ్న ఇది. నేను ఇంగ్లీషు మీడియం టీచర్నే. అయినా వద్దనే అంటాను.

మా ఎనిమిదో తరగతిలో ‘డెన్సిటీ’ నిర్వచనం అందరికీ కంఠతా వచ్చు. కానీ ఫార్ములా వన్ కారులో డ్రైవర్ తల పైన ఆ రంధ్రం ఎందుకని ఓ బాబు అడిగితే, ఆ నిర్వచనం ఎవరికీ అక్కరకు రాలేదు.

అప్పుడు తెలుగులో మాట్లాడుకున్నాం. అమలాపురం బస్సులో సర్దుకుని కూర్చుంటే ఎక్కువమంది పడతారు కదా! చల్లగాలీ అంతే. అదే చోటులో ఎక్కువ ఆక్సిజన్ పడుతుంది, దాంతో ఎక్కువ పెట్రోలు మండి, ఇంజనుకు బలం పెరుగుతుంది. 15 డిగ్రీల గాలి కంటే 45 డిగ్రీల గాలిలో ఆక్సిజన్ దాదాపు పదో వంతు తక్కువ. అందుకే ఇంజను పక్కన వేడెక్కిన గాలి కాకుండా, ఎదురుగా వచ్చే తాజా గాలిని పైనుంచి తీసుకుంటారు.

“మరి 2023లో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ దగ్గర పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లకో?” అన్నాను.

“అవి బ్యాటరీవి మేడమ్, మండేదే లేదుగా!” అందో పాప. అదే జవాబును తర్వాత ఇంగ్లీషులో సొంతంగా రాసింది.

ఈ ఆదివారం పల్చటి ఖాళీ వాటర్ బాటిల్‌కు మూత బిగించి, గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టండి. బాటిల్ లోపలికి నొక్కుకుపోతుంది. ఎందుకో పిల్లల్నే చెప్పమనండి, తెలుగులోనే.