ఒడ్డుకు చేరిన జలాంతర్గామి

విశాఖపట్నంలో రామకృష్ణా బీచి వెంట నడిచేవారికి ఒకచోట వింత దృశ్యం కనిపిస్తుంది. నీటి అడుగున తిరగవలసిన జలాంతర్గామి ఒకటి ఒడ్డున, కాంక్రీటు దిమ్మెల మీద నిలిచి ఉంటుంది. దాని పొడవు 91 మీటర్లు. పేరు కురుసుర. ఎదురుగా సముద్రం ఎగసిపడుతూనే ఉంటుంది. కాని ఆ నల్లని నౌక ఇక కదలదు.

ఇది సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరింది. 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. ముప్పైయొక్క సంవత్సరాల సేవలో 73,500 నాటికల్ మైళ్లు ప్రయాణం చేసింది. అంటే భూగోళాన్ని మూడుసార్లు చుట్టి వచ్చినదానికంటే ఎక్కువే. 2001 ఫిబ్రవరి 27న దానికి విశ్రాంతి లభించింది. పాత ఇనుము కింద ముక్కలు కావలసిన ఆ నౌకను ఒడ్డుకు లాగి, ప్రదర్శనశాలగా మార్చారు. 2002 ఆగస్టు నుంచి ప్రజలు దాని లోపలికి వెళ్లి చూస్తున్నారు.

విహారయాత్రల కాలంలో ఇక్కడికి పాఠశాలల బృందాలు వరుసగా వస్తాయి. బరంపురం నుంచి రైలులో వచ్చేవారు కొందరు, యానాం నుంచి బస్సులో వచ్చేవారు మరికొందరు. లోపల చోటు ఇరుకు కాబట్టి పిల్లలను కొద్దికొద్దిమందిగానే పంపుతారు. నౌకాదళంలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు దగ్గరుండి అన్నీ వివరిస్తారు.

మొదట కనిపించేవి టార్పెడోలను ప్రయోగించే గొట్టాలు. నౌక ముందుభాగంలో ఆరు, వెనుకభాగంలో నాలుగు ఉన్నాయి. వాటిని చూడగానే పిల్లల కళ్లు మెరుస్తాయి. ఇది ఎంత దూరం పోతుంది? ఎంత పెద్ద ఓడను ముంచుతుంది? ఒకేసారి ఎన్ని వదలవచ్చు? ప్రశ్నలన్నీ ఆయుధం గురించే. అందులో తప్పేమీ లేదు. ఆ వయసులో యుద్ధమంటే పిల్లలకు తెలిసింది గెలుపోటములే.

నాలుగు అడుగులు లోపలికి వేసేసరికి ప్రశ్నలు మారుతాయి. ఒక అరనుంచి మరొక అరకు పోవాలంటే గుండ్రని చిన్న ద్వారంలోంచి తల వంచి, కాలు ఎత్తి దాటాలి. రెండు పక్కలా గొట్టాలు, మీటలు, చక్రాలు, గడియారాల్లాంటి కొలత పరికరాలు. వాటి మధ్యనే ఒకదానిపై ఒకటిగా సన్నని పడకలు. ఈ ఇరుకులో డెబ్బై అయిదుమంది రోజుల తరబడి ఉండేవారని విని పిల్లలు నమ్మలేనట్టు చూస్తారు. మనిషికొక పడక ఉండేది కాదు. ఒకరు లేచి పనికి పోతే, ఆ వెచ్చదనం ఆరకముందే మరొకరు వచ్చి పడుకునేవారు. మంచినీళ్లు తాగడానికీ వంటకూ పొదుపుగా వాడుకోవాలి, స్నానం ఊసెత్తకూడదు. నీటి అడుగున సూర్యుడు కనిపించడు. గడియారం చెబితేనే పగలో రాత్రో తెలిసేది.

నేల కింద బ్యాటరీలు ఉండేవి. నీటిలో మునిగి ఉన్నప్పుడు నౌక వాటి శక్తితోనే నడిచేది. అవి ఖర్చయిపోతే పైకి తేలిగాని, గాలిగొట్టాన్ని నీటిపైకి ఎత్తిగాని, డీజిల్ యంత్రాలు నడిపి నింపుకోవాలి. శత్రువు కంట పడే ప్రమాదం అప్పుడే ఎక్కువ. రేడియోలో మాట్లాడినా నౌక జాడ తెలిసిపోతుంది. అందువల్ల గస్తీలో ఉన్నన్నాళ్లూ ఇంటికి కబురు పంపే వీలు ఉండదు.

“మరి లోపలికి నీళ్లు వస్తే?” అని ఎవరో ఒక పిల్లవాడు తప్పక అడుగుతాడు. వివరించే పెద్దాయన ఆ గుండ్రని ద్వారాన్నే చూపిస్తాడు. దాని ఇనుప తలుపు మూసి గట్టిగా బిగిస్తే నీరు ఆ అరలోనే ఆగిపోతుంది. మిగిలిన నౌక దక్కుతుంది. పిల్లలు తల ఊపుతారు. ఒక క్షణం తరువాత వారిలో ఎవరికో తోస్తుంది: ఆ తలుపుకు అవతల ఉండిపోయినవారి సంగతి ఏమిటి? ఆ ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పనక్కరలేదు. అడిగినవారికే తెలిసిపోతుంది. తాము ఇప్పుడే నవ్వుతూ దాటి వచ్చిన ద్వారాన్ని ఒకసారి వెనుదిరిగి చూస్తారు.

బయటికి వచ్చాక సముద్రం మునుపటిలాగే ఉంటుంది. కాని అది దాచుకున్న కథ ఒకటి ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి, తెల్లవారితే 4వ తేదీ అనగా, ఈ తీరానికి చేరువలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి మునిగిపోయింది. అది మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుకుతూ వచ్చింది. మన యుద్ధనౌక రాజ్‌పుత్ దాడివల్ల మునిగిందని భారతదేశం, ప్రమాదవశాత్తు మునిగిందని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. అందులోని తొంభైమందికి పైగా నావికులలో ఒక్కరూ బతకలేదు. ఆ నౌక అవశేషాలు సముద్రగర్భంలోనే ఉన్నాయి. ఆ యుద్ధవిజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం కురుసురకు దగ్గరలోనే ఉంది.

ఆరు రోజులు తిరగకుండానే దుఃఖం మనవైపు వచ్చింది. డిసెంబరు 9 రాత్రి అరేబియా సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచింది. 18మంది అధికారులు, 176మంది నావికులు అసువులు బాశారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడిచిపెట్టకుండా దానితోపాటే మునిగిపోయాడు.

ఇక్కడికి వచ్చిన పిల్లలు విశాఖ తీరం క్షేమంగా ఉన్నందుకు సంతోషించాలి. ఆ ఇరుకు అరలలో కాపలా కాసినవారిని గౌరవించాలి. అయితే ఘాజీలోని నావికులూ అలాంటి పడకల మీదనే నిద్రపోయారు. వారి తల్లులూ కబురు కోసం ఎదురుచూశారు. ఈ మాట తలచుకుంటే దేశభక్తికి లోటు రాదు. తెలుగువారికి ఇది కొత్త పాఠమూ కాదు. తిక్కన భారతంలో యుద్ధపు పర్వాలు గడిచాక స్త్రీపర్వం వస్తుంది. నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న గాంధారి, పాండవుల బిడ్డ అభిమన్యుని దేహంపై పడి ఏడ్చే ఉత్తరను చూసి కూడా విలపిస్తుంది. గెలిచినవారి ఇంటా ఓడినవారి ఇంటా కన్నీరు ఒక్కటే అని ఆ కథ విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఊరికి తిరిగి వెళ్లాక ఉపాధ్యాయుడు యాత్ర గురించి వ్యాసం రాయమంటాడు. చాలామంది నౌక పొడవు, టార్పెడోల సంఖ్య తప్పులు లేకుండా రాస్తారు. అవి తెలుసుకోవలసినవే. కాని నలభైమందిలో ఒక్కరైనా ఆ గుండ్రని ద్వారం గురించి రాస్తే, ఒడ్డున నిలిచిన ఆ ముసలి నౌక ఇంకా దేశసేవ చేస్తున్నట్టే.