సాంచాల ఊళ్లో పటం కథ

కూనపులి వాళ్లు మా పద్మశాలీలకు తప్ప ఇంకో కులానికి కథ చెప్పేవాళ్లు కాదు. ఎవరెంత ఇస్తామన్నా వేరేవాళ్ల వాకిట్లో కథ బొమ్మల పటం విప్పేవాళ్లు కాదు. డబ్బు కట్టిన ప్రతివాడికీ పాట దొరికే ఈ రోజుల్లో పిల్లలకు ఈ సంగతి చెబితే వింతగా చూస్తారు. తెలంగాణలో ఇది ఒక్క మా కులానికే ఉన్న కట్టుబాటు కాదు. గౌడులకు గౌడజెట్టివాళ్లు, చాకలివాళ్లకు గంజికూటివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, ఆ పురాణం చెప్పడానికే పుట్టిన ఒక్కో వంశం. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు వాళ్లు ఊళ్లను పంచుకునేవాళ్లు. ఒకరి వాటా ఊళ్లో ఇంకొకరు కథ చెప్పకూడదు. కథకు ముట్టజెప్పేదాన్ని కూలి అనరు, త్యాగం అంటారు.

మరి వాటాకొచ్చిన ఊరే ఖాళీ అయిపోతే? కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు చేనేత కూలబడి, మగ్గం గుంటలు పూడ్చి, పద్మశాలీలు షోలాపూర్‌కు, సూరత్‌కు, ముంబైకి, దాని పక్కనే ఉన్న మా భీవండికి వచ్చేశారు. 1982లో ముంబై మిల్లుల సమ్మె మొదలయ్యాక బట్ట నేసే పని భీవండి కార్ఖానాలకు ఇంకా ఎక్కువగా మళ్లింది. సాంచాలు, అంటే మరమగ్గాలు, పెరిగాయి, వాటి వెంట మనుషులూ పెరిగారు. కామత్‌ఘర్, పద్మనగర్ గల్లీల్లో తెలుగు తప్ప వేరే మాట వినపడని వాడలు తయారయ్యాయి. కథకుడి ఊరు ఇక్కడికి వచ్చేసింది కాబట్టి కథకుడూ వచ్చాడు. పటాన్ని బట్టలో చుట్టి, హార్మోనియం పెట్టె భుజాన వేసుకొని, కళ్యాణ్‌లో రైలు దిగి వచ్చేవాడు. "కూనపులాయన వచ్చిండు, ఇల్లు అలుకుండ్రి" అని మా బాపమ్మ కేకేసేది. మాది సిమెంటు గచ్చు. అయినా ఆమె ఆ మాటే అనేది.

ఆ పటం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. మూడడుగుల వెడల్పు. పొడవు మాత్రం ముప్పై అడుగులకు తగ్గదు, అరవై అడుగులవీ ఉంటాయి. కథకుడు దాన్ని గీయడు. చేర్యాల నకాషీ చిత్రకారులు గీస్తారు. ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, ఉడకబెట్టి నూరిన చింతగింజల పిండి, జిగురు కలిపి పట్టించి, ఎండబెట్టి, మళ్లీ పట్టిస్తారు. బట్ట గట్టిపడి తోలులా అయ్యాక దాని మీద ఉడుత వెంట్రుకల కుంచెతో గీస్తారు. నలుపు దీపపు మసి నుంచి, తెలుపు గవ్వల నుంచి, నీలం నీలిమందు నుంచి తీసేవాళ్లు. వెనక అంతా ఎరుపే. వరుస వెంబడి వరుసగా గళ్లు, గడికీ గడికీ మధ్య పూల అంచు. మొదటి గడిలో వినాయకుడు. రెండు కర్రల మధ్య పటం వేలాడగట్టి, ఒక్కో గడీ కిందికి వదులుతూ, చేతిలో కర్రతో బొమ్మను తాకి కథ ఎత్తుకుంటారు. పక్కన ఇద్దరో ముగ్గురో వంత, హార్మోనియం, తాళాలు. మార్కండేయుడి హోమగుండంలోంచి భావనాఋషి పుట్టడం, విష్ణువు నాభి కమలం తూడు నుంచి నూలు తీయడం, దేవతలకు బట్ట నేయడం, సూర్యుడి కూతురు భద్రావతితో పెళ్లి, కాలవాసురుడితో యుద్ధం. ఇదంతా ఒక్క పూటలో తెమిలే కథ కాదు. కొన్ని రాత్రులు సాగుతుంది.

పటానికి ఎర్ర రంగు ఎందుకో చిన్నప్పుడు కథ చూస్తుంటేనే నాకు అర్థమైంది. పెట్రోమాక్స్ వెలుగులో దూరంగా కూర్చున్నవాడికి కూడా తెల్లటి ఒళ్లు, పసుపు నగలు ఆ ఎరుపులోంచి పొడుచుకొని వచ్చేవి. అది గోడకు తగిలించుకునే బొమ్మ కాదు. రాత్రిపూట, మనుషుల తలల మీదుగా చూడడానికి గీసిన బొమ్మ.

హైదరాబాదులో జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో 1625 నాటి పటం ఒకటి ఉంది. అందులో ఉన్నది మా కథే, మార్కండేయ భావనాఋషుల కథే. అంత పాత పటాలు అరుదుగా మిగలడానికి కారణం నిర్లక్ష్యం కాదు, భక్తి. చినిగి, రంగు రాలిన పటాన్ని మూలన పడేయరు. మనిషికి చేసినట్టే మర్యాద చేసి నదిలో కలుపుతారు. ఆ తర్వాతే కొత్త పటం కథకు వస్తుంది. వాయిద్యానికి పూజ చేసే కళాకారులు అన్ని దేశాల్లో ఉన్నారు. వాయిద్యానికి అంత్యక్రియలు చేసేవాళ్లు ఎందరున్నారో!

ఇక భీవండి మోత. మామూలు సాంచా నిమిషానికి నూరు సార్లకు పైగా నాడెను ఇటూ అటూ విసురుతుంది. అలాంటివి ఒక్క రేకుల షెడ్డులో పదులకొద్దీ ఉంటే పక్కవాడి మాట కూడా వినపడదు. దారం తెగిందని, కండెలు అయిపోయాయని, సాంచా బాగుచేసే జాబర్‌ను పిలవమని అంతా చేతులతో, పెదాలతోనే. ఇంగ్లండులో లాంకషైర్ నేత మిల్లుల్లో ఆడవాళ్లకు కూడా ఇదే పద్ధతి ఉండేది. శబ్దం లేకుండా పెదాలను సాగదీసి, ముఖంతో మాట్లాడే ఆ తీరుకు అక్కడ ఒక పేరే ఉంది, మీ మాయింగ్ అని. నార్మన్ ఎవాన్స్, ఆయన తర్వాత లెస్ డాసన్ అనే హాస్యనటులు ఆ తీరును రంగస్థలం మీదికి, టీవీ మీదికి తెచ్చి దేశాన్ని నవ్వించారు. చూసి నవ్వినవాళ్లలో చాలామందికి అది సాంచాల మోత కన్న బిడ్డ అని తెలియదు. అక్కడి మహాగాయని గ్రేసీ ఫీల్డ్స్ కూడా చిన్నప్పుడు రోచ్‌డేల్‌లో నూలు మిల్లులో పనిచేసినామే. నేత ఊళ్లకూ గొంతులకూ ఏదో బంధం ఉంది.

మా కథకుడు కూడా ఆ మోతను పట్టించుకోకుండా ఉండలేదు. కార్ఖానాల గోడ అవతలే కూర్చొని కథ చెప్పేవాడు. ఊళ్లో అయితే గొంతు మీద నడిపే చోట, ఇక్కడ కర్ర మీద, ముఖం మీద నడిపేవాడు. వంతవాళ్లు ఒక చరణాన్ని రెండుసార్లు కాక నాలుగుసార్లు ఎత్తుకునేవాళ్లు. వినేవాళ్లు పగలంతా సాంచాల మధ్య నిలబడి చెవులు దిబ్బళ్లు వేసుకొచ్చినవాళ్లు. వాళ్లకు బొమ్మ ముందు అందేది, పాట తర్వాత. చెవులు సరిగా వినపడని పెద్దవాళ్లు కూడా కళ్లనీళ్లు పెట్టుకొని కథ చూడడం నాకు బాగా గుర్తు.

సాధనాశూరులని ఇంకో వర్గం ఉండేది. వాళ్లూ మా కులాన్నే ఆశ్రయించినవాళ్లు, వాళ్లది గారడీ, కసరత్తు. కాలవాసురుణ్ణి చంపడంలో భావనాఋషికి తోడు నిలిచినవాళ్ల సంతతి తామేనని చెప్పుకునేవాళ్లు. వాళ్ల ఆట అయ్యాక మేం పిల్లలం చాలా రోజులు అవే ఆటలు ఆడేవాళ్లం.

పటం కథ టీవీ వచ్చాక పోయిందంటారు. నేను ఒప్పుకోను. టీవీ రాకముందే దాన్ని పాళి, అంటే షిఫ్టు, మింగేసింది. ఊళ్లో నేతగాడికి మగ్గం సొంతం. నాలుగు రాత్రులు మేలుకున్నా తెల్లారి ఎప్పుడు మగ్గం ఎక్కాలో అతని ఇష్టం. భీవండిలో పన్నెండు గంటల పాళి. సగం గల్లీ పగలు, సగం గల్లీ రాత్రి. పాళి మారితే నిద్ర తలకిందులు. రాత్రి కథకు కావలసింది ఊరంతా ఒక్కసారి ఖాళీగా ఉండే రాత్రి. అలాంటి రాత్రి ఈ ఊళ్లో సాంచా తిరిగినన్నాళ్లూ లేదు. త్యాగం వసూలు చేయాలన్నా కులపెద్దలు ఒక్కచోట కూర్చోవాలి. కూర్చుంటే కొందరు సేట్లు, కొందరు వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లు. ఎవరు ఎంత ఇవ్వాలన్న పాత లెక్క అక్కడ కుదరలేదు. కథకుడు ఏడాదికోసారి వచ్చేవాడు రెండేళ్లకోసారి అయ్యాడు. ఆ తర్వాత కథంతా ఒక్క రాత్రిలోకి కుదించాడు. ఆ తర్వాత రాలేదు.

శ్రావణ పౌర్ణమికి జంధ్యాలు మార్చుకోవడం, మార్కండేయుడి ఊరేగింపు ఇంకా ఉన్నాయి. ఊరేగింపు ముందు డీజే పెట్టెలు. వరాలదేవి చెరువు గట్టున బతుకమ్మ దగ్గర కూడా ఇప్పుడు అవే. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు చప్పట్ల మీద అందుకునే పాట ఆ పెట్టెల ముందు నిలవదు. నాకు ఇది బాధగానే ఉంటుంది, దాచుకోను. చేర్యాలలో నకాషీ కుటుంబాలు ఇప్పటికీ గీస్తున్నాయి. ఎక్కువగా ఒక్కొక్క గడిని విడిగా గీసి, అద్దం బిగించి అమ్ముతారు. చెయ్యి అదే. ముందు గడి ఏదో, వెనక గడి ఏదో కొన్నవాళ్లకు తెలియదు.

మా నాయినది రాత్రి పాళి, మా చిన్నాయనది పగటి పాళి. కథ నడిచే రోజుల్లో పాళి మారితే, సాయంత్రం కార్ఖానా గేటు దగ్గర ఒకరు లోపలికి పోతూ, ఒకరు బయటికి వస్తూ ఎదురుపడేవాళ్లు. "కత ఏడిదాక వచ్చిందిరా తమ్మీ?" అనేవాడు నాయిన. "పెండ్లయిందన్నా. ఇగ రాక్షసుని పనే మిగిలింది" అనేవాడు చిన్నాయన. అందుకే మా ఇంట్లో భావనాఋషి కథ ఇద్దరి దగ్గర రెండు ముక్కలుగా ఉండిపోయింది. పెళ్లి దాకా చిన్నాయన చెప్పాలి, యుద్ధం నాయిన చెప్పాలి. పండక్కి ఇద్దరూ ఒకచోట కూర్చుంటేనే మాకు కథ మొత్తం దొరికేది.