బోయినపల్లి నుంచి తార్నాక దాకా: తెగులు మందు జాడ

సికింద్రాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో సరుకు నిలిచేది కొద్ది గంటలే. తెల్లవారకముందే లారీలు, ట్రాలీ ఆటోలు దింపిన టమాటా, మిర్చి పొద్దెక్కేసరికి చిల్లర అంగళ్లకు, తోపుడు బళ్లకు చేరిపోతాయి. కాయ మీద తెగులు మందు ఎంత మిగిలిందో తేలాలంటే ఆ వ్యవధిలోనే తేలాలి.

టమాటాలో ఆకుమాడు తెగులుకు కొట్టే మాంకోజెబ్ కాయ పైపొరనే అంటిపెట్టుకుని ఉంటుంది. కడిగితే కొంత పోతుంది. కార్బెండజిమ్ మొక్క లోపలికి ఇంకే మందు, కడిగినా పోదు. పరీక్ష ఎలా చేయాలన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ దాటి తార్నాక వైపు వెళితే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), ఆ దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తాయి. మొదటిది 1944లో మొదలైంది. రెండోది 1918లో కూనూర్‌లో పుట్టి 1958లో ఇక్కడికి వచ్చింది. బోయినపల్లి మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల దాకా కరెంటు తీసే ప్లాంటు సాంకేతికత ఐఐసీటీదే. మార్కెట్ చెత్త విషయంలో కుదిరిన ఈ సాన్నిహిత్యం అవశేషాల పరీక్షలోనూ కుదిరితే తినేవారికి ఎంతో మేలు.

ప్రయోగశాలల్లో ఇప్పుడు విస్తృతంగా వాడే పద్ధతి 2003లో వెలువడిన క్వెచర్స్. కూరగాయను మెత్తగా రుబ్బి, అసిటోనైట్రైల్, లవణాలు కలిపి కుదిపి, మందును ద్రావణంలోకి లాగి, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలుస్తారు. మాంకోజెబ్ ఇందులో సరిగా చిక్కదు. దాన్ని ఆమ్లంతో వేడిచేసి, వెలువడే కార్బన్ డైసల్ఫైడ్‌ను లెక్కిస్తారు. అదే వాయువు థైరామ్ అనే మరో తెగులు మందు నుంచీ వస్తుంది కనుక, ఏ మందు కొట్టారో ఆ అంకె చెప్పలేదు.

కొలవాల్సిన పరిమాణాలు అతిస్వల్పం. వరి అగ్గితెగులుకు వాడే ట్రైసైక్లజోల్ పరిమితిని ఐరోపా సమాఖ్య 2018 నుంచి బియ్యంలో కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి తగ్గించింది. అంటే 10 కోట్ల భాగాల్లో ఒక భాగం. మన దేశంలో సీసా నీటికి ఒక్కో పురుగుమందు పరిమితి లీటరుకు 0.0001 మిల్లీగ్రాము.

నానో పదార్థాల ఆకర్షణ ఇక్కడే. బంగారు లవణాన్ని సిట్రేట్‌తో మరిగిస్తే 15 నానోమీటర్ల చుట్టుపక్కల కణాలతో ఎర్రటి ద్రావణం తయారవుతుంది. థైరామ్‌లోని గంధకం బంగారాన్ని గట్టిగా పట్టుకుని, సిట్రేట్‌ను తొలగిస్తుంది. కణాలు గుమిగూడి ద్రావణం నీలిగా మారుతుంది. ఆ మార్పు కంటికే కనబడుతుంది. వెండి కణాల దగ్గర మరో లాభం ఉంది. వాటిని అంటుకున్న అణువు లేజర్ కాంతికిచ్చే రామన్ సంకేతం అనేక రెట్లు పెరుగుతుంది. వెండి మీద ఇలాంటి బలమైన సంకేతాన్ని 1974లో పిరిడిన్‌తో తొలిసారి గమనించారు. రంగు మార్పు ఏదో ఉందనే చెబుతుంది. రామన్ రేఖలైతే వేలిముద్రల్లా ఏ మందో కూడా పట్టిస్తాయి. కార్బెండజిమ్‌కు గ్రాఫీన్ పూసిన ఎలక్ట్రోడ్లు కూడా పనికొస్తాయి. అది ఆక్సీకరణం చెందేటప్పుడు పుట్టే విద్యుత్తును అవి కొలుస్తాయి.

శుద్ధమైన నీటిలో ఇవన్నీ చక్కగా పనిచేస్తాయి. మిర్చి రసంలో అంత సులువు కాదు. లవణాలు, ప్రొటీన్లు బంగారు కణాలను తామే గుమిగూడేలా చేయగలవు లేదా కప్పేయగలవు. పత్రహరితం లేజర్ కింద వెలుగుతూ అసలు సంకేతాన్ని ముంచేస్తుంది. ఒక విడత కణాలు మరో విడతతో అచ్చంగా సరిపోలవు. మందు లేని సరుకును ఉందని పట్టుకుంటే నష్టపోయేది రైతే, అందుకే ఈ లోపాలను తేలిగ్గా తీసుకోకూడదు.

మార్కెట్ గేటు దగ్గర ఈ నానో పరీక్షలకు తగిన స్థానం తొలి వడపోత. పైపొర మందును తడి దూదితో తుడిచి తీయవచ్చు. లోపలికి ఇంకిన మందుకు కాయను రుబ్బి, రసాన్ని శుభ్రం చేయక తప్పదు. అనుమానం తేలిన బస్తా నుంచే నమూనా ప్రయోగశాలకు వెళ్లాలి, తీర్పు అక్కడి మాస్ స్పెక్ట్రోమీటర్‌దే కావాలి.