కిటికీల కాపురం

కన్సల్టెంటు బతుకు తెలిసిందే కదా! క్లయింటు దగ్గర రెండు మానిటర్లు, ఇంట్లో ఒక్కటే వెడల్పాటిది, హోటల్లో ఉత్త లాప్‌టాప్. కేబులు పీకినప్పుడల్లా విండోలన్నీ చెల్లాచెదురు. అంచుకి లాగితే విండో సగం తెరకి అతుక్కోవడం 2009లో విండోస్ 7తోనే వచ్చింది. ఏ మానిటర్ మీద ఏది ఉండేదో గుర్తుపెట్టుకునే టిక్కు మాత్రం 2021లో విండోస్ 11 వస్తేగానీ రాలేదు. డిస్‌ప్లే సెట్టింగుల్లో 'మల్టిపుల్ డిస్‌ప్లేస్' కింద ఉంటుంది, చూసుకోండి. పన్నెండేళ్ళండీ బాబూ!

కోడు ఎక్కడున్నా నాకు పర్లేదు. ఆదివారం అమ్మతో వీడియో కాల్ పెద్ద మానిటర్ మీద తెరుచుకుంటేనే చిక్కు. కెమెరా ఏమో ఎడమ పక్కనున్న లాప్‌టాప్‌ది. "ఎటు చూస్తున్నావురా? చెవి తప్ప ఏం కనపడట్లేదు" అంటుంది. అందుకే కాల్ కలవగానే విండోస్ కీ, షిఫ్టు, ఎడమ బాణం. అమ్మ కెమెరా కిందకి వచ్చేస్తుంది.

"చిక్కిపోయావురా" అంటుంది అప్పుడు.