తమ్ముని వేగం

మా తమ్మునికి చూపు పూర్తిగా పోయిన తరువాతి సంవత్సరం మా ఇంటికి ఒక కొత్త గొంతు వచ్చింది. కంప్యూటరు తెరపై ఉన్నదంతా చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ అది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధుడు 2006లో దాని నిర్మాణానికి పూనుకున్నాడు. ఉచితంగా లభిస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. చదువుతుందనే గాని, ఆ గొంతులో రేకు మీద గీరినట్టుండే గరుకుదనం మాకు ఎన్నడూ నచ్చలేదు.

ఆంగ్లంలో మనుషులు మామూలుగా నిమిషానికి 150 మాటల వరకు పలుకుతారు. అలవాటుపడిన అంధులు 400కు పైగా వినగలరు. తమ్ముడు నెలనెలా వేగం పెంచుకుంటూ పోయాడు. చివరకు మా చెవులకు అది చేటలో గింజలు రాలే చప్పుడే అయింది. తల నొప్పి పుడుతుందని అమ్మీ బెంగపడింది. అన్నావదినలమైన మేము ఇంకో అడుగు ముందుకు వేశాము. అతడు బ్యాంకు పరీక్షకు చదువుకుంటున్న రోజుల్లో, ఇషా నమాజుకు వెళ్ళిన సమయం చూసి వేగాన్ని సగానికి తగ్గించాము. గరుకు గొంతుకు బదులు మనిషి గొంతును పోలిన తియ్యని గొంతు కూడా పెట్టాము. మేలు చేశామనే అనుకున్నాము.

మరునాడు మొదటి మాటకే అతనికి తెలిసిపోయింది. కోపగించుకోలేదు.

"భాయ్‌జాన్, మీరు పుస్తకం మీద వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదువుతారా? కళ్ళతో గబగబా జారిపోతారు కదా! నాకు జారడానికి ఉన్న దారి ఇదొక్కటే."

తియ్యని గొంతును పరుగెత్తిస్తే హల్లులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయట. గరుకు గొంతు నియమాల ప్రకారం కూర్చినది కనుక ప్రతిసారీ ఒకేలా, అంచులు చెదరకుండా పలుకుతుందట. క్యాసెట్టును వేగంగా తిప్పినప్పటి కీచుదనం ఇందులో లేదు; స్థాయి మారదు, మాట నిడివి మాత్రమే తగ్గుతుంది. ఖుర్ఆన్ పారాయణాన్ని మాత్రం ఖారీ చదివిన వేగంతోనే వింటాడు. ఆ సంగతి అతనికి మేము చెప్పనక్కరలేదు.

తరువాత అతడన్న మాట మాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అంతకుముందు ఒక పెళ్ళిసంబంధం వారి జవాబు మా ఫోనుకే వచ్చింది. మేమే చదివి వినిపించాము, అతని చూపు గురించిన ఒక వాక్యాన్ని దాటవేసి.

"ఆ రోజు మీ గొంతు ఒకచోట ఆగింది భాభీ," అన్నాడు.

ఇప్పుడు అతని ఉత్తరప్రత్యుత్తరాలు అతని ఫోనుకే వస్తాయి. నట్టింట్లో, మా అందరి మధ్యనే, ఆ గింజలు జలజలా రాలుతాయి. మాకొక్క ముక్క అర్థం కాదు.

"ఏమిటట బేటా?" అంటుంది అమ్మీ.

చెప్పదలచుకుంటే చెబుతాడు.