ఆరు పాయింట్ల అక్షరాలు

మే 13, మంగళవారం

ఎప్‌సెట్ ఫలితాల వారం. వేసవి సెలవుల్లో పని నేర్చుకుందామని చేరిన ఈ యాడ్ స్టూడియోలో ఇప్పుడు ఒకటే సరుకు, ర్యాంకుల పేజీలు. ఏప్రిల్లో వచ్చిన జేఈఈ మెయిన్ ర్యాంకుల్ని కూడా మళ్లీ పైకి తీస్తున్నారు. పిల్లల ఫొటోలు వాట్సాప్‌లో వచ్చి పడుతున్నాయి. కొన్నింటికి నీలం బ్యాక్‌గ్రౌండ్, కొన్నింటికి తెలుపు, ఒకమ్మాయి వెనక ఇంటి కర్టెనూ సగం ఫ్రిజ్జూ. అందరినీ కత్తిరించి పసుపు రంగు మీద వరసగా నిలబెట్టాలి. ముఖాలు ఒకే సైజు, కళ్లు ఒకే గీత మీద. రాత్రి తొమ్మిదిలోగా పేజీ పేపరాఫీసుకి వెళ్లిపోవాలి.

సాయంత్రం క్లయింటు మనిషి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఆ ఒకటి ఇంకా పెద్దది చెయ్యమ్మా" అన్నాడు. చేశాను. "ఇంకా." అంకె పేజీలో సగం మింగేసింది. అది ఏ కేటగిరీలో వచ్చిన ఒకటో చెప్పే ముక్కని మాత్రం ఆరు పాయింట్లకి దించమన్నాడు. "చదవడానికి రాదు సార్, తీసేద్దామా?" అన్నాను. "అయ్యో, తీసేస్తే అబద్ధం ఆడినట్టు కదమ్మా!" నిజంగానే కంగారుపడ్డాడు.

మే 16, శుక్రవారం

మా షాపులో డీటీపీ ఆపరేటర్ అన్న ఇప్పటికీ పేజ్‌మేకర్‌లోనే, అను ఫాంట్లతోనే కొడతాడు. అను యూనికోడ్ కాదు కాబట్టి ఆయన మేటర్ నా ఫొటోషాప్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాల పోగు కనిపిస్తుంది. నేను యూనికోడ్‌లో కొడితే మొదట్లో వత్తులు విడిపోయి పక్కకి వచ్చి కూర్చునేవి. ప్రిఫరెన్సుల్లోకి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ పెడితే గానీ కుదురుకోలేదు. కాలేజీలో ఈ ఒక్క సంగతీ ఎవరూ చెప్పలేదు. మా ప్రాక్టీసంతా హెల్వెటికాతోనే.

అన్న దగ్గర నేర్చుకున్నది వేరే ఉంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను లైనుకీ లైనుకీ మధ్య ఇచ్చే చోటు అక్షరం సైజుకి 120 శాతం. ఇంగ్లిష్‌కి అది చాలు. తెలుగులో పై లైను వత్తు దిగి వచ్చి కింది లైను గుడిని గుద్దుకుంటుంది. అన్న ఆ అంకె వైపు చూడనే చూడడు. కంటితో చూసి లాగేస్తాడు, సరిగ్గా వస్తుంది.

ఆరు పాయింట్ల సంగతి అడిగాను. ఇంగ్లిష్‌లో ఆరు పాయింట్లంటే కళ్లు చికిలించుకుని అయినా చదువుకోవచ్చన్నాడు. తెలుగులో అసలు అక్షరమే ఆ గడిలో చిన్నదిగా ఉంటుంది, దాని కింద వత్తు అందులో సగం. న్యూస్‌ప్రింట్ మీద ఇంకు కాస్త పాకుతుంది కదా, వత్తు పూడుకుపోయి నల్ల చుక్క అవుతుంది. "ప్రింటయ్యాక నేను కూడా చదవలేను తల్లీ" అన్నాడు, ముప్ఫై ఏళ్లుగా అదే కొడుతున్న మనిషి. క్లయింటుకి కావలసింది సరిగ్గా ఆ నల్ల చుక్కే.

మే 25, ఆదివారం

నాన్న ఫోన్. తమ్ముడు పదో తరగతి పాసయ్యాడు, ఇంటర్‌లో ఎక్కడ వేద్దామని. పేపర్లో వచ్చిన ర్యాంకుల పేజీ ముందు పెట్టుకుని చదువుతున్నాడు. "వీళ్లకి చాలామందికి వందకి వంద వచ్చాయంట అమ్మా."

అవి మార్కులు కావు నాన్నా, పర్సంటైల్ అని చెప్పాను. ఆ షిఫ్టులో రాసినవాళ్లలో నీ అన్ని గానీ అంతకంటే తక్కువ గానీ తెచ్చుకున్నవాళ్లు ఎంత శాతమో చెప్పే లెక్క అది. మూడొందల మార్కుల పేపర్లో మూడొందలూ రాకపోయినా వంద పర్సంటైల్ రావచ్చు. నాన్న కొంచెంసేపు ఆగి, "మరి ఇక్కడ వంద అనే ఉందే" అన్నాడు. ఉంటుంది. పర్సంటైల్ అనే మాట కూడా ఉంటుంది, అద్దాలు పెట్టుకుని వెతికితే.

నాన్న కిరాణా కొట్లో రోజూ తూకంతో బతికే మనిషి. తేలిగ్గా మోసపోయే రకం కాదు. కానీ పేజీ ఏది ముందు చూపిస్తే కన్ను దాన్నే ముందు చూస్తుంది. మొదటి సెమిస్టర్‌లో హైరార్కీ అని మాకు నేర్పింది ఇదే. కన్ను ఎక్కడ దిగాలి, తర్వాత ఎటు వెళ్లాలి, ఎక్కడికి వెళ్లకూడదు. ఆ చివరిది సిలబస్‌లో లేదు, షాపుల్లో ఉంది.

జూన్ 26, గురువారం

డిజైన్ హిస్టరీ క్లాసు. 1964లో లండన్‌లో కెన్ గార్లండ్ అచ్చువేసిన "ఫస్ట్ థింగ్స్ ఫస్ట్" ప్రకటన గురించి మేడమ్ చెప్పారు. ఇరవై రెండు మంది సంతకాలు. పిల్లుల తిండి, చారల టూత్‌పేస్టు లాంటి సరుకులు అమ్మడానికే మా నేర్పంతా ఖర్చయిపోతోంది, వీధి గుర్తులకీ పుస్తకాలకీ పాఠాలకీ పనికొచ్చే పని చేద్దాం అన్నది వాళ్ల గోల. 1999లో దాన్ని తిరగరాసి మరో ముప్ఫై మూడు మంది సంతకాలు పెట్టారు.

వెనక బెంచీ నుంచి ఒకడు, "ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు మేడమ్, ముందు టూత్‌పేస్టు కంపెనీలో ఉద్యోగం చూపించండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, వాడిది తప్పని అనిపించలేదు. బాపు గారు కూడా మద్రాసులో జె. వాల్టర్ థామ్సన్ ఏజెన్సీలో పనిచేసినవారే. ప్రకటనల్లో పనిచేసినందుకు ఆయన గీతకి ఏ లోపమూ రాలేదు. నా పేచీ సరుకు అమ్మడంతో కాదు. ఆరు పాయింట్లతో.

జులై 9, బుధవారం

ఈ సెమిస్టర్ ప్రాజెక్టుకి ర్యాంకుల పేజీనే తీసుకున్నాను. ఒక పాత ప్రకటనని నిజాయితీగా మళ్లీ డిజైన్ చేయడం.

దాని కోసం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు చదివాను. న్యాయశాస్త్రం భాష అనుకుంటూ తెరిస్తే మా టైపోగ్రఫీ పాఠమే కనిపించింది. 2022 జూన్ నాటి వాటిలో, గొప్పగా చెప్పుకున్న మాట ఏ భాషలో ఉంటే దాని వివరణా ఆ భాషలోనే, ఆ ఫాంట్‌లోనే ఉండాలని ఉంది. 2024 నవంబర్లో కోచింగ్ సెంటర్ల ప్రకటనల కోసం విడిగా ఇచ్చినవి ఇంకా సూటిగా ఉన్నాయి. ఫొటో వేస్తే పేరు, ర్యాంకు, చేరిన కోర్సు, అది ఎన్నాళ్లు, డబ్బు కట్టి చేరాడా లేదా అన్నీ చెప్పాలి. ఫలితం వచ్చాక ఆ విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఫొటో వాడాలి. వివరణ అక్షరాలు మిగతా ముఖ్యమైన వివరాల సైజులోనే ఉండాలి. సివిల్స్ కోచింగ్ ప్రకటనల్లో విజేతలుగా చూపించిన చాలామంది అక్కడ చదివింది ఉచిత ఇంటర్వ్యూ శిక్షణ ఒక్కటేనని తేలి జరిమానాలు పడ్డాకే ఇవి వచ్చాయి.

ఇవి రాసినవాళ్లలో డిజైనర్ ఎవరైనా ఉన్నారేమో అని అనుమానం.

జులై 20, ఆదివారం

తమ్ముడు ఊళ్లోనే ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరాడు. చివరికి నిర్ణయించింది ర్యాంకులూ కాదు, నేను చెప్పిందీ కాదు. హాస్టల్ ఫీజు.

పేజీతో కుస్తీ. పేపరు వెడల్పు 33 సెంటీమీటర్లు. నియమం ఒక్కటే పెట్టుకున్నాను, అంకె ఎంత సైజో కేటగిరీ పేరూ అంతే. "ఓబీసీ నాన్ క్రీమీ లేయర్" అన్న మాటలు ఒక లైనులో పట్టాలంటే ఒకటి కుదించుకుపోక తప్పలేదు. ఎవరూ దాన్ని చిన్నది చెయ్యమనలేదు, పక్కన నిజం కూర్చోవడానికి జరిగింది. పక్కనే కోర్సు పేరు, కాలం. వంద పక్కన పర్సంటైల్, అంతే లావుగా. పసుపు తీసేశాను.

విసుగొచ్చినప్పుడు అమూల్ పాత హోర్డింగులు చూశాను. 1966 నుంచి ఆ పాప అలాగే ఉంది, ఏఎస్‌పీ ఏజెన్సీలో యూస్టస్ ఫెర్నాండెస్ గీసిన బొమ్మ. ఒక చమత్కారం, ఒక బొమ్మ, మూలన వెన్న. చిన్నక్షరాల్లో దాచుకోవాల్సిందేమీ లేదు. అమ్మడానికి అదీ ఒక పద్ధతే, పైగా దశాబ్దాలుగా అమ్ముడవుతోంది.

ఆగస్టు 6, బుధవారం

జ్యూరీ. ఏజెన్సీ నుంచి వచ్చిన సార్ నా పేజీని చాలాసేపు చూసి, "నీట్‌గా ఉందమ్మా, కానీ ఇది యాడ్ కాదు, నోటీసు బోర్డు. ఏ క్లయింటూ ఒప్పుకోడు" అన్నారు. కొత్తగా ఉన్నది ఒక్కటే, పిల్లల ముఖాలు మొదటిసారి ముఖాల్లా కనిపిస్తున్నాయట.

"ఒకటి కాస్త పెంచితే?" అని అడిగారు. పెంచొచ్చు సార్, కేటగిరీ కూడా అంతే పెరగాలి, అప్పుడు రెండు పేజీలు కొనాలి అన్నాను. నవ్వారు, మార్కులు మాత్రం మామూలుగానే వేశారు.

క్లయింటు ఒప్పుకోడన్నది నిజమే. అయినా పేజీ సరిగ్గానే ఉంది. పోర్ట్‌ఫోలియోలో ముందు దీన్నే పెడుతున్నాను. ఉద్యోగం ఇచ్చేవాళ్లు నేను ఏ పని చెయ్యనో కూడా ముందే చూసుకోవాలి.