గోతిలోంచి చూస్తే థార్

విజయవాడ ఆటోనగర్‌లో ఏ వీధిలోకి తిరిగినా ముందు సుత్తి దెబ్బలే వినిపిస్తాయి. ఒక షెడ్డులో లారీ క్యాబిన్ కడుతుంటారు, పక్క షెడ్డులో కమాన్ కట్టలు విప్పుతుంటారు, ఎదురుగా పాత గేర్‌బాక్సులు వరుసగా పేర్చి అమ్మకానికి పెట్టి ఉంటాయి. మేం వెతుక్కుంటూ వెళ్లిన షెడ్డు ఈ సందడిలో ఓ మూలన ఉంది. ముందు మట్టి జాగా, లోపల రెండు గోతులు, గోడకు ఆనించిన టైర్లు. జీపుల కాలం నుంచీ ఇక్కడ ఫోర్‌బైఫోర్ బండ్ల పనే. పాత బండి కొనేవాళ్లు దాన్ని ఇక్కడికి తెచ్చి, గోతి మీద నిలబెట్టి, మేస్త్రి మాట విన్నాకే బయానా సంగతి ఎత్తుతారు.

ఆ రోజు వచ్చిన కుర్రాడిది రంపచోడవరం వైపు ఊరు. కొండవాలులో జీడిమామిడి తోట ఉంది. తారురోడ్డు దిగాక ఒక వాగు దాటాలి, ఆపైన ఎర్రమట్టి ఎక్కుడు. వానాకాలంలో ఆ దారిన ట్రాక్టరు తప్ప ఏదీ పోదు. కొత్త మహీంద్రా థార్‌కు డబ్బు చాలక పాతది చూసుకుంటున్నాడు. బ్రోకర్ మూడు బండ్లు తెచ్చి వరుసగా నిలబెట్టాడు. నల్లది 2023లో కొన్నది. ఎర్రది 2021 నాటి ఎల్ఎక్స్, దాని ముందు ఇనుప బంపర్, దానికో వించ్, పైన లైట్ల పట్టీ, పక్కన స్నార్కెల్, ఒళ్లంతా స్టిక్కర్లు. బూడిద రంగుది అదే ఏడాది వచ్చిన ఏఎక్స్ ఆప్షనల్. నల్లటి ఇనుప చక్రాలతో, టచ్‌స్క్రీన్ కూడా లేకుండా బోసిగా ఉంది. కుర్రాడి కళ్లు ఎర్రదాని మీదే ఉన్నాయి.

అరవై దాటిన మేస్త్రి మూడింటి చుట్టూ ఒక్కో చుట్టు తిరిగి, నల్లదాని డోరు తీసి లోపలికి తొంగి చూశాడు. గేరు రాడ్డు పక్కన ఇంకో లివర్ ఉండాల్సిన చోట చిన్న అర ఉంది. వెనక మాత్రం ఫోర్‌బైఫోర్ అని బిళ్ల అంటించి ఉంది.

“ఈ బిళ్ల ఎవరు పెట్టారయ్యా?” అన్నాడు బ్రోకర్‌తో.

“ముందు ఓనరు సరదాకి పెట్టుకున్నాడు మేస్త్రి గారూ.”

“సరదాకి బిళ్లయితే పెట్టుకోవచ్చు. ట్రాన్స్‌ఫర్ కేసు పెట్టుకోలేడుగా.”

పాత థార్ కొనేవాళ్లు మొదట తేల్చుకోవాల్సింది ఇదే. 2020 అక్టోబరు 2న అమ్మకానికి వచ్చిన రెండో తరం థార్‌లో మొదట్లో ప్రతి బండికీ ఫోర్‌బైఫోర్, లో రేంజ్ గేర్లు కంపెనీయే ఇచ్చింది. 2023 జనవరిలో వెనక చక్రాలు మాత్రమే తిరిగే రకం రూ.9.99 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. ఆకారం ఒకటే. పొడవు నాలుగు మీటర్ల లోపు ఉండి, డీజిల్ ఇంజన్ 1,500 సీసీ దాటకపోతే పన్ను తగ్గుతుంది కాబట్టి ఆ రకానికి 1,497 సీసీ, 117 హార్స్‌పవర్ ఇంజన్ పెట్టారు. ఫోర్‌బైఫోర్ డీజిల్‌ది 2,184 సీసీ, 130 హార్స్‌పవర్. అందుకే డీజిల్ బండి అయితే ఆర్సీలో సీసీ అంకె చూస్తే అసలు విషయం బయటపడుతుంది. పెట్రోలు బండికి ఈ కిటుకు పనిచేయదు, రెండు రకాల్లోనూ అదే 1,997 సీసీ ఇంజన్. అప్పుడు లివర్ చూడాలి, లేదా గోతిలోకి దిగి ముందు చక్రాల వైపు వెళ్లే షాఫ్టు ఉందో లేదో చూడాలి.

నల్లదాన్ని పక్కకు తీయించారు. హైవే మీద తిరిగేవాళ్లకు అది మంచి బండేనని మేస్త్రి ఒప్పుకున్నాడు. ఎర్రమట్టి ఎక్కుడుకు మాత్రం పనికిరాదు.

ఆయన లెక్కలో బండి మీద ఉండే సామానంతా రెండు రకాలు. ఫోర్‌బైఫోర్, లో రేంజ్, వెనక డిఫరెన్షియల్ లాకర్, ఎయిర్‌బ్యాగులు, బ్రేకుల ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ నుంచి రావాలి. వాటిని తర్వాత పెట్టించడం సాధ్యం కాదు, సాధ్యమైనా గిట్టుబాటు కాదు. టచ్‌స్క్రీన్, అలాయ్ చక్రాలు, సీటు కవర్లు, లైట్లు, టైర్లు ఏ బజార్లోనైనా దొరుకుతాయి. పాత బండి మార్కెట్లో ధర మాత్రం తరచూ ఈ రెండో రకం సామానును చూసే పెరుగుతుంది.

ఏఎక్స్, ఎల్ఎక్స్ మధ్య తేడా ఈ కొలతతో చూస్తే తేటపడుతుంది. ఎల్ఎక్స్‌కు 18 అంగుళాల అలాయ్‌లు, 255/65 కొలత టైర్లు, టచ్‌స్క్రీన్, క్రూయిజ్ కంట్రోల్ ఉంటాయి. ఏఎక్స్‌కు 16 అంగుళాల ఇనుప చక్రాలు, 245/75 టైర్లు. కొలతల్ని బట్టి లెక్కేస్తే ఎల్ఎక్స్ టైరు గోడ ఎత్తు సుమారు 166 మిల్లీమీటర్లు, ఏఎక్స్‌ది 184. ఎత్తయిన గోడ ఉన్న టైరులో గాలి తగ్గిస్తే అది బాగా పరుచుకుని ఇసుకలోనూ బురదలోనూ పట్టు ఇస్తుంది. రాయి తగిలి ఇనుప చక్రం సొట్టపోతే సుత్తితో సరిచేసుకుని ఇల్లు చేరొచ్చు, అలాయ్ పగిలితే చేసేదేం లేదు. షోరూములో కింది మెట్టుగా కనిపించిన ట్రిమ్ తోట దారిలో ఒక మెట్టు పైనే ఉంటుంది.

అలాగని ఎప్పుడూ కింది ట్రిమ్మే కొనమనడానికీ లేదు. డిఫరెన్షియల్ లాకర్ అన్ని ట్రిమ్‌లకూ, అన్ని సంవత్సరాల్లోనూ ఒకేలా ఇవ్వలేదు. కొన్నింటికి జారే చక్రాన్ని బ్రేకుతో పట్టి ఆపే ఏర్పాటు మాత్రమే ఉంటుంది. 2024 ఆగస్టు 15న వచ్చిన ఐదు తలుపుల థార్ రాక్స్‌లో పెట్రోలుకు అసలు ఫోర్‌బైఫోర్ లేదు. డీజిల్‌లో కూడా కింది మెట్లు దాటి ఎంఎక్స్5, ఏఎక్స్5ఎల్, ఏఎక్స్7ఎల్ దాకా వెళ్తేనే అది దొరికింది. మారుతి జిమ్నీ దీనికి తలకిందులు. 2023 జూన్‌లో వచ్చినప్పుడే జీటా, ఆల్ఫా రెండింటికీ లో రేంజ్‌తో సహా ఒకటే ఫోర్‌బైఫోర్ ఇచ్చారు, ఆరు ఎయిర్‌బ్యాగులూ రెండింటికీ ఉన్నాయి. ఆల్ఫాకు అదనంగా పెట్టే డబ్బు అలాయ్‌లకు, ఎల్ఈడీ దీపాలకు, పెద్ద తెరకు పోతుంది. 2021 ఫోర్స్ గూర్ఖాకు ముందూ వెనకా లాకర్లు, స్నార్కెల్ ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. అయితే ఇంజన్ 91 హార్స్‌పవర్‌ది, 2024లో అది 140కి పెరిగింది. ఒక్కో కంపెనీ తన మెట్లను ఒక్కో తీరుగా కట్టింది కాబట్టి బండి పేరుతోపాటు ఆ ఏడాది బ్రోచర్ కూడా సంపాదించి చదువుకోవాలి.

ఎర్రది గోతి మీదికి వచ్చింది. మేస్త్రి టార్చిలైటుతో కిందికి దిగి, మమ్మల్నీ రమ్మన్నాడు. పైనుంచి మెరిసే బండి కింద తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. బ్రేకు పైపుల మీద, సైలెన్సర్ పట్టీల మీద అదే రంగు. “సూర్యలంక బాగా చూసిందండీ ఇది” అన్నాడాయన. సముద్రపు ఇసుకలో తిప్పి, మంచినీళ్లతో అడుగు కడగకపోతే ఇలాగే అవుతుందట. స్నార్కెల్ చూసి బండి నీళ్లలో ఎంత లోతుకైనా దిగుతుందని నమ్మేవాళ్లున్నారు. అది ఇంజన్‌కు గాలి పైనుంచి అందిస్తుంది, అంతే. థార్‌కు కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మిల్లీమీటర్లు. డిఫరెన్షియల్ గాలిగొట్టాలు ఎత్తుకు మార్చకుండా, వైరింగ్ కాపాడుకోకుండా అంతకు మించి దించితే నీళ్లు వేరే దారిన లోపలికొస్తాయి. వెనక హౌసింగ్ బోల్టు విప్పితే నూనె పాలు కలిపిన టీలా చిక్కగా కారింది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాక ఈ పరీక్ష మరీ ముఖ్యమైంది. మేస్త్రి సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి, చివరి జానెడు మీద మట్టి గీత ఉందేమో చూస్తాడు. సీటు పట్టాల కింద స్క్రూలు, హెడ్‌లైటు లోపలి తేమ, ఫ్యూజు పెట్టెలో పచ్చటి చిలుము వరుసగా చూస్తాడు. థార్ నేలకు నీళ్లు పోయే మూతలుంటాయి, లోపల కడుక్కోవచ్చు. అదే సౌకర్యం వరద గుర్తులు చెరపడానికీ పనికొస్తుంది కాబట్టి నేల శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఆయన నమ్మడు.

ఎర్రదాని మిగతా అలంకారాలకు చట్టం చిక్కు కూడా ఉంది. ముందు ఇనుప బంపర్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టానికి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పట్టుబడితే ఒక్కో మార్పుకు రూ.5,000 దాకా జరిమానా పడొచ్చు, ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది. థార్‌కు 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ నాలుగు నక్షత్రాలు ఇచ్చింది ఫ్యాక్టరీ బంపర్‌తో గుద్దించి చూసి. ఇనుప బంపర్ బిగిస్తే గుద్దుకున్న దెబ్బ ఛాసిస్‌కు చేరే తీరు మారిపోతుంది, ఎయిర్‌బ్యాగు ఎప్పుడు తెరుచుకోవాలన్న లెక్క కూడా తప్పొచ్చు.

పెద్ద టైర్ల సంగతీ అంతే. ఎల్ఎక్స్ టైరు మొత్తం ఎత్తు 789 మిల్లీమీటర్లు, అంటే 31 అంగుళాలు. 33 అంగుళాల టైరు వేస్తే మీటరు 80 చూపించేటప్పుడు బండి నిజానికి 85 మీద పోతుంటుంది. బ్రేకుకు భారం, గేర్లకు భారం, ముందు యాక్సిల్ కీళ్లకు భారం.

బ్రోకర్ షెడ్డు వెనకున్న నాలుగో బండి గుర్తుచేశాడు. ఢిల్లీ నంబరున్న 2014 థార్ సీఆర్‌డీఈ అది. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టాక అక్కడివి చవగ్గా దక్షిణాదికి దిగడం మొదలైంది. 2010లో వచ్చిన ఆ మొదటి తరం సీఆర్‌డీఈకి 105 హార్స్‌పవర్ ఇంజన్, గట్టి గేర్‌బాక్సు ఉన్నాయి, వెనక లాకర్ మాత్రం 2015 మార్పులతో వచ్చింది. ఎయిర్‌బ్యాగులు లేవు. ఏబీఎస్ 2019లో చివరగా చేసిన 700 బండ్ల ప్రత్యేక ఎడిషన్ నాటికి గానీ రాలేదు. పైగా ఈ ఢిల్లీ బండికి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. “ఇంట్లో పిల్లలున్నారా?” అని మాత్రం అడిగాడు మేస్త్రి. కుర్రాడు తలూపాడు. ఆ బండి మాట అక్కడితో ఆగింది.

ఇక మిగిలింది బూడిద రంగుది. తీసుకొచ్చి చూస్తే అడుగున మట్టి ఉంది గానీ తుప్పు లేదు. ట్రాన్స్‌ఫర్ కేసు సీలు దగ్గర కొద్దిగా చెమ్మ. ముందు చక్రం బుష్ ఒకటి అరిగింది. టైర్ల పక్కన నాలుగంకెల ముద్ర 2321 అని చెబుతోంది, అంటే 2021లో 23వ వారం తయారీ, బండితో వచ్చినవే. కిలోమీటర్ల అంకెను సర్వీసు రికార్డుతో పోల్చారు, సరిపోయింది. 2020 సెప్టెంబరు 7 నుంచి డిసెంబరు 25 మధ్య తయారైన 1,577 డీజిల్ థార్‌లను క్యామ్‌షాఫ్టు లోపానికి కంపెనీ వెనక్కి పిలిచింది. ఇది ఆ తర్వాతి బండే, అయినా ఛాసిస్ నంబరు సర్వీసు సెంటర్లో చూపించుకోమన్నాడు.

తర్వాత ముందున్న మట్టి జాగాలో పరీక్ష. ఫోర్ ఎల్, అంటే లో రేంజ్ వేసి తిన్నగా ముందుకు, వెనక్కి పోనిచ్చారు. ఇలాంటి పార్ట్‌టైమ్ ఫోర్‌బైఫోర్‌ను తారు మీద తిప్పి చూడకూడదు. ముందు వెనక షాఫ్టుల మధ్య వేగం తేడా సర్దే డిఫరెన్షియల్ లేదు కాబట్టి మలుపులో గేర్లు బిగుసుకుంటాయి. ఆపైన ఫోర్‌బైఫోర్ తీసేసి, కాంక్రీటు దిమ్మ మీదికి ఎక్కించి ఒక వెనక చక్రం గాలిలో తేలేట్టు నిలబెట్టారు. యాక్సిలరేటర్ మెల్లగా నొక్కితే గాలిలో చక్రం గిర్రున తిరిగింది, వెంటనే కింద నుంచి టక్కుమని చప్పుడు వచ్చి బండి ముందుకు దూకింది. రెండు చక్రాల వేగంలో నిమిషానికి దాదాపు 100 చుట్ల తేడా వస్తే ఈ లాకర్ తనంతట తానే పడుతుంది. స్విచ్ ఉండదు, అందుకే పనిచేస్తోందో లేదో ఇలా చూస్తే తప్ప తెలియదు.

“దీని మీద ఇంకేం పెట్టించాలి బాబాయ్?”

“ఇదే సైజులో ఆల్ టెరైన్ టైర్లు. గాలి కొలిచే గేజీ, చిన్న కంప్రెసర్. ఛాసిస్‌కు బిగించిన అసలైన లాగుడు కొక్కెం, ఓ మంచి బెల్టు. ఇంజన్ కింద రేకు పలుచగా ఉంటే దళసరిది. ఈ వానాకాలం నడిపి చూడు. ఆ తర్వాత కూడా ఏదైనా తక్కువనిపిస్తే రా.”

మెత్తటి నేల మీద టైరు గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించుకోవచ్చని, తారెక్కే ముందు మళ్లీ కొట్టుకోవాలని, కంప్రెసర్ అందుకేనని విడమరిచి చెప్పాడు.

బేరం టైర్ల దగ్గర మొదలైంది. నాలుగూ మార్చాల్సినవే గనుక ఆ ఖరీదు, సీలు పని, బుష్ ధర మేస్త్రి కాగితం మీద వేసి బ్రోకర్ చేతిలో పెట్టాడు. బ్రోకర్ గొణిగి, ఫోన్లో ఓనరుతో మాట్లాడి, చాలా మటుకు తగ్గించడానికి ఒప్పుకున్నాడు. ఆర్సీ మీద బ్యాంకు పేరు ఇంకా ఉంది. ఫారం 35 మీద బ్యాంకు సంతకం, ఎన్‌ఓసీ వచ్చాకే మిగతా సొమ్మని, అప్పటిదాకా బయానా మాత్రమేనని రాసుకున్నారు. ఫారం 29, 30 మీద సంతకాలు బండి చేతికొచ్చే రోజున.

కుర్రాడు బూడిద రంగు బండి తాళం తిప్పి చూస్తూనే ఎర్రదాని వైపు చెయ్యి చూపించాడు. “అన్నా, దానికున్న వించ్ విడిగా ఇస్తారేమో కనుక్కోవా?”

గోతిలోంచి మేస్త్రి తల ఎత్తాడు. “వించ్ బరువు ముందు స్ప్రింగుల మీద పడుద్ది. వెనక డబ్బాలో కంప్రెసర్ ఉంది చూడు, అది అడుగు.”

బ్రోకర్ అప్పుడే ఎర్రబండి ఓనరుకు ఫోను కలిపాడు.